సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ల బలం ట్విస్టులో లేదు

సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లలో ఏది గొప్పది అన్న చర్చ ఎక్కడ మొదలైనా కాసేపటికే దారి తప్పుతుంది. ఒకరు గ్రాఫిక్స్ అంటారు, ఇంకొకరు ఆ ప్రపంచాన్ని ఎంత వివరంగా కట్టారో చూడండి అంటారు, మిగతావాళ్లంతా ఫలానా ట్విస్టును ఎవరూ ఊహించలేకపోయారు కదా అంటారు. కథ చెప్పడంలో సత్తా ఈ మూడింటిలోనూ లేదు. సిరీస్ చేతిలో ఉన్న ఆయుధం కాలం. ఒక పాత్ర మొదటి సీజన్‌లో చేసిన తప్పు మూడో సీజన్‌లో మెడకు చుట్టుకుంటే, మధ్యలో గడిచిన ఆ రెండేళ్లు చూసేవాళ్లు కూడా గడిపి ఉంటారు. సినిమా ఆ అనుభవాన్ని ఇవ్వలేదు. ‘ఇరవై ఏళ్ల తర్వాత’ అని తెర మీద అక్షరాలు వేసి సరిపెట్టుకోవాల్సిందే. అందుకే నేను చూసేది ఒక్కటే: పాత్రలు తీసుకున్న నిర్ణయాలకు మూల్యం పడుతుందా, పడిన మూల్యాన్ని కథ చివరిదాకా గుర్తుంచుకుంటుందా? ఆ లెక్కన చూస్తే, ఒక అంతరిక్ష కేంద్రంలో నడిచే ‘బాబిలన్ 5’ని మించిన సైన్స్ ఫిక్షన్ సిరీస్ ఇప్పటిదాకా రాలేదు.

దాని లోపాలు దాచాల్సిన పని లేదు. సెట్లు చవగ్గా కనిపిస్తాయి. 90ల నాటి కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇప్పుడు వెలిసిపోయాయి. మొదటి సీజన్ నత్తనడక నడుస్తుంది. 1994 నుంచి 1998 దాకా వచ్చిన 110 ఎపిసోడ్లలో 92 ఎపిసోడ్లు జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ ఒక్కరే రాశారు, కొన్నిచోట్ల ఆ అలసట కూడా తెలుస్తుంది. కానీ ఐదేళ్లలో ముగిసే ఒకే కథ అని ముందే అనుకుని బయల్దేరడం వల్ల, అందులో ఇద్దరు రాయబారుల మధ్య నడిచిన కథ టీవీలో చాలా అరుదుగా కనిపించే ఎత్తుకు వెళ్లింది.

లాండో మొలారీ సెంటారీలనే గ్రహాంతర జాతి రాయబారి. పాత వైభవం తలచుకుంటూ తాగుతూ, జూదమాడుతూ రోజులు వెళ్లదీసే మనిషి. జకార్ నార్న్‌ల రాయబారి. సెంటారీల కింద బానిసలుగా బతికి, తిరగబడి విడిపించుకున్న జాతి వాళ్లది. మొదట్లో ఇద్దరి కీచులాటా నవ్వు తెప్పించడానికే అన్నట్టు ఉంటుంది. అయితే మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే లాండో తనకు వచ్చే ఒక కల గురించి చెబుతాడు. ఇరవై ఏళ్ల తర్వాత, ముసలితనంలో, తన చేతులు జకార్ గొంతు మీద, జకార్ చేతులు తన గొంతు మీద ఉండగా చచ్చిపోతానని. అంటే కథలో అత్యంత ముఖ్యమైన చావు ఎలా జరుగుతుందో మొదటి రోజే మన చేతిలో పెట్టేశారు. ఇక దాచడానికి ఏముంది? ఏమీ లేదు. మిగిలిందల్లా అక్కడిదాకా ఎలా చేరుకుంటారన్నదే. ఆ ‘ఎలా’ కోసమే ఏళ్ల తరబడి కూర్చోబెట్టారు.

రెండో సీజన్‌లో, పైకి ఎదగాలన్న ఆశతో లాండో చేసుకున్న చీకటి ఒప్పందం యుద్ధం దాకా వెళ్తుంది. సెంటారీ నౌకలు నార్న్ గ్రహం మీద పెద్ద పెద్ద బండరాళ్లను కురిపిస్తాయి. లాండో ఓడ కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉంటాడు. ఒక్క మాట ఉండదు. కిటికీ అద్దంలో అతని ముఖం, ఆ ముఖం మీదుగా కింద పేలుళ్ల వెలుగు. తను కోరుకున్నదే తనకు దక్కింది. దక్కిందేమిటో అప్పుడు అర్థమవుతోంది. ఆ తర్వాత అతనే సభ ముందు నిలబడి లొంగుబాటు షరతులు చదువుతాడు. ఒక సెంటారీని ఏ నార్న్ చంపినా, బదులుగా 500 మంది నార్న్‌లకు మరణశిక్ష అన్నది వాటిలో ఒకటి.

ఇప్పుడు మూడో సీజన్‌లోని లిఫ్టు సీను చూడాలి. బాంబు పేలడంతో లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది. లోపల లాండో, జకార్ ఇద్దరే. పొగ, మంట. ఇద్దరం కలిసి ప్రయత్నిస్తే బయటపడొచ్చు, ఒక చెయ్యి వెయ్యమంటాడు లాండో. జకార్ కదలడు. లాండోని చంపాలని అతనికి ఎంత ఉన్నా చంపలేడు, 500 మంది ప్రాణాలు పోతాయి. కానీ ఇక్కడ తను చెయ్యాల్సిందేమీ లేదు. ఊరికే కూర్చుంటే చాలు, లాండో చస్తాడు, నేరం ఏ నార్న్ మీదా పడదు. తను కూడా చస్తాడు, అదేమంత లెక్కలోది కాదు. ఆ సంగతి తట్టగానే జకార్ పగలబడి నవ్వుతాడు. ఆ నవ్వులో తగలబడిపోయిన అతని గ్రహం ఉంది, లాండో స్వయంగా చదివిన షరతు ఉంది, అదే షరతు ఇప్పుడు లాండో గొంతుకే ఉరిగా మారడం ఉంది. సీనుకైన ఖర్చు ఎంత? ఒక చిన్న గది, ఇద్దరు నటులు. కొత్తగా చూసేవాళ్లకు దగ్గుతూ కూర్చున్న ఇద్దరు మనుషులే కనిపిస్తారు. అంతకుముందు నలభైకి పైగా ఎపిసోడ్లు చూసినవాళ్లకు ఊపిరాడదు.

అదే సీజన్‌లో ఆ కల నిజమవడం కూడా చూపించారు. చేతులు గొంతు మీదికి వెళ్తాయి, కలలో చూసినట్టే అంతా జరుగుతుంది. కానీ చంపమని అడిగింది లాండోనే. తన శరీరాన్ని పరాయి జీవి అదుపులో పెట్టుకుని ఉంది. అది మేలుకునేలోపు తనని చంపేస్తే మిగతావాళ్లు బతికి బయటపడతారు. ఆ పని నమ్మి అప్పజెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి జకార్. మొదటి ఎపిసోడ్‌లో పగగా వినిపించిన మాట, ఒక్క అక్షరం కూడా మారకుండా, స్నేహంగా తేలింది. ట్విస్టు అంటే ఇదే అని ఎవరైనా అంటే నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఇక్కడ దాచిపెట్టి బయటపెట్టింది ఏమీ లేదు. సమాచారం మొత్తం మొదటినుంచీ మన దగ్గరే ఉంది. మారింది ఆ ఇద్దరు మనుషులు.

ముందే ప్లాన్ వేసుకుంటే కథ బిగుసుకుపోతుందని, మలుపులకు చోటుండదని కొందరు రచయితలు అంటుంటారు. ‘బాబిలన్ 5’కి మొదటి సీజన్ అయ్యేసరికి హీరోనే లేకుండా పోయాడు. సింక్లేర్ పాత్ర చేసిన మైకేల్ ఓహేర్ తప్పుకోవడంతో, షెరిడాన్ అనే కొత్త పాత్ర వచ్చింది. అయినా కథ కూలిపోలేదు. సింక్లేర్‌ని మూడో సీజన్‌లో వెనక్కి తెచ్చి, వెయ్యేళ్ల వెనక్కి పంపి, ఒక జాతి ఆరాధించే మహాపురుషుడే అతనని తేల్చి ఆ దారాన్ని ముడివేశారు. ఎటు వెళ్లాలో తెలిసినవాళ్లకే అలా పక్కదారి పట్టి మళ్లీ రోడ్డెక్కడం సాధ్యం.

దీని పక్కన ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ను పెట్టి చూడండి. 2004లో మొదలైన ఈ సిరీస్ తొలి ఎపిసోడ్ ‘33’ని మించిన ప్రారంభం నాకు ఇంకొకటి గుర్తు లేదు. ప్రతి 33 నిమిషాలకూ శత్రువు దాడి. ఐదు రోజులుగా ఎవరికీ నిద్ర లేదు. ప్రాణాలతో మిగిలినవాళ్ల సంఖ్య బోర్డు మీద తగ్గుతూ పోతుంది. చివర్లో ఒక బిడ్డ పుట్టిందని తెలిసి అధ్యక్షురాలు ఆ సంఖ్యకు ఒకటి కలుపుతుంది. నటన, రాజకీయం, టెన్షన్ విషయంలో ‘బాబిలన్ 5’ కంటే ఇది నాలుగాకులు ఎక్కువే చదివింది. కానీ ఆ శత్రువుల, అంటే మనుషుల్లా కనిపించే యంత్రాలైన సైలన్ల దగ్గర ఒక ప్లాన్ ఉందని టైటిల్స్‌లో పదేపదే ఊరించారు. ఆ ప్లాన్ రచయితల దగ్గరే లేదు. దాని ఫలితం ఎక్కడ కనిపిస్తుందంటే, సాల్ టై, ఎల్లెన్‌ల కథలో. శత్రువుకి సమాచారం అందించిందని భార్య ఎల్లెన్‌కి టై తన చేత్తో విషమిస్తాడు. ఏం తాగుతోందో ఆమెకు తెలుసనే అనిపిస్తుంది. గుండె పిండేసే సీను. తర్వాత, మనుషుల మధ్య దాగి ఉన్న చివరి సైలన్ ఎవరో తేల్చాల్సి వచ్చేసరికి, అది ఎల్లెనే అన్నారు. సైలన్ కాబట్టి మళ్లీ బతికొచ్చింది. టై చెల్లించిన మూల్యాన్ని వడ్డీతో సహా వాపసు ఇచ్చేశారు. అంత గొప్ప సీను ఒక మిస్టరీకి జవాబు దొరకడం కోసం బలైపోయింది.

మనుషుల్లాంటి రోబోల కథ ‘వెస్ట్‌వరల్డ్’ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మొదటి సీజన్ కాలాలతో ఆడిన ఆట బాగుంది. దాని ట్విస్టుని అభిమానులు ముందే కనిపెట్టేశారన్న సంగతి పట్టుకుని రెండో సీజన్‌ని ఇంకా చిక్కుగా రాసినట్టు కనిపిస్తుంది. చచ్చినవాళ్లు ఎప్పుడైనా తిరిగి రాగల ప్రపంచంలో ఎవరి చావుకు ఏడవాలి? నాలుగు సీజన్లతో ఆగిపోయింది.

చిక్కుముడి ఉన్నంత మాత్రాన సిరీస్ ఖాళీగా ఉండాలని లేదు. జర్మన్ సిరీస్ ‘డార్క్’ 26 ఎపిసోడ్లలో ఎవరూ వెయ్యనంత పెద్ద ముడి వేసింది. అయినా ప్రతి ముడిలోనూ ఒక మనిషి ఇరుక్కుని ఉంటాడు. తప్పిపోయిన పిల్లాడు మికెల్ 1986లో ఉన్నాడని కనుక్కున్న యోనాస్, ఆ ఆస్పత్రి దాకా వెళ్తాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేస్తే చాలు. కానీ ఆ పిల్లాడే పెరిగి తన తండ్రి అవుతాడు. తీసుకొస్తే తనే పుట్టడు. వదిలేస్తే ఆ తండ్రి ఉరేసుకునే రోజు వస్తుంది. కాలయానం అనే ఊహ ఇక్కడ ఒక కొడుకు మీద పడిన భారం. ‘డార్క్’ బలం ఆ వంశవృక్షం గీసిన తెలివిలో కంటే ఇలాంటిచోట్ల ఉంది.

‘ద ఎక్స్‌పాన్స్’ ఇదే పనిని భౌతికశాస్త్రంతో చేసింది. మొదటి ఎపిసోడ్‌లోనే, గ్రహశకలాల్లో పుట్టి పెరిగిన ఒక బెల్టర్‌ని భూమి మీద కొక్కేలకు వేలాడదీసి విచారిస్తారు. కొట్టరు, తిట్టరు. భూమి ఆకర్షణ చాలు, అతని ఎముకలు మోయలేవు. మనం పొద్దున లేచి గమనించకుండానే నిలబడే నేల అతనికి చిత్రహింస. మూడు వర్గాల రాజకీయం, జాతి ద్వేషం, విప్లవం అన్నీ ఆ ఒక్క సీనులోంచి పుట్టుకొస్తాయి. నాలుగో సీజన్‌లో, బెల్టరే అయిన నయోమీ మందులు వేసుకుని మరీ ఒక గ్రహం మీద నడవాలని ప్రయత్నించి ఓడిపోతుంది. ప్రేమించిన మనిషి నిలబడ్డ నేల మీద తను నిలబడలేకపోవడానికి కారణం విలన్ కాదు, తన శరీరం. మొదట పెట్టిన రూల్‌ని కథానాయిక కోసం కూడా సడలించలేదు. ‘స్టార్ వార్స్’ ప్రపంచంలోని ‘ఆండోర్’ కూడా ఈ కోవలోదే. దాని హీరో కాసియన్ చచ్చిపోతాడని 2016లోనే ‘రోగ్ వన్’ సినిమాలో చూసేశాం, అయినా నార్కినా 5 జైలు ఎపిసోడ్లు చూస్తూ కుర్చీ అంచుకు వచ్చేస్తాం. ఖైదీలందరినీ నడిపించి బయటికి తెచ్చిన కినో, నీళ్ల అంచున నిలబడి తనకు ఈత రాదంటాడు. అతని గురించి ఇంకేమీ చెప్పరు.

విడివిడి కథల సిరీస్‌లే మేలనేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’లో 1992లో వచ్చిన ‘ది ఇన్నర్ లైట్’ చూడండి. ఓడ మీద 25 నిమిషాలు గడిచేలోపు కెప్టెన్ పికార్డ్ అంతరించిపోయిన ఒక గ్రహం మీద పూర్తి జీవితం గడిపేస్తాడు. పెళ్లి, పిల్లలు, మనవడు, వేణువు. ఒక్క గంటలో అంత చెప్పగలగడం అసాధారణం. మరి తర్వాతి ఎపిసోడ్‌లో? పికార్డ్ యథాప్రకారం డ్యూటీలో ఉంటాడు. ఆ వేణువు తర్వాతి సీజన్‌లో ఒకటి రెండుసార్లు కనిపిస్తుంది. ఒక జీవితం మొత్తం పోగొట్టుకున్న మనిషిని ఆ సిరీస్ మర్చిపోయింది. అప్పటి పద్ధతి అది. ఆ పద్ధతి వల్ల మనకు అందకుండా పోయిందేమిటో ఆ ఎపిసోడే చెబుతోంది.

అసలు బాధ ఇప్పుడు జరుగుతున్న దాని గురించి. కథకు కాలమే బలం అయితే, ఇవాళ స్ట్రీమింగ్ కంపెనీలు లాగేసుకుంటున్నది సరిగ్గా దాన్నే. ఏడాదికి 22 ఎపిసోడ్లు వచ్చేచోట ఇప్పుడు 8 లేదా 10. అవి కూడా ఏటేటా రావు. ‘సెవరెన్స్’ మొదటి సీజన్ 2022 ఫిబ్రవరిలో మొదలైతే రెండోది 2025 జనవరికి గానీ రాలేదు. ‘స్ట్రేంజర్ థింగ్స్’ నాలుగు, ఐదు సీజన్ల మధ్య మూడేళ్లకు పైగా గడిచాయి. తెర మీద పిల్లలుగా ఉండాల్సినవాళ్లు పెద్దవాళ్లైపోయారు. ‘ద ఎక్స్‌పాన్స్’ చివరి సీజన్‌కి ఆరంటే ఆరు ఎపిసోడ్లు ఇచ్చారు. లకోనియా గ్రహం కథ మొదలుపెట్టి గాల్లో వదిలేయాల్సి వచ్చింది.

22 ఎపిసోడ్ల రోజుల్లో చెత్త కూడా చాలానే వచ్చింది, నిజమే. కానీ ‘ఫిల్లర్’ అని ఇవాళ చీదరించుకునే ఆ ఎపిసోడ్లలోనే పక్క పాత్రలు మనుషులయ్యాయి. లాండో సహాయకుడు విర్‌ని తీసుకోండి. తడబడుతూ మాట్లాడే భయస్తుడు. రెండో సీజన్‌లో, లాండోతో ఆ చీకటి ఒప్పందం కుదుర్చుకున్న మోర్డెన్ అనే దళారి నీకేం కావాలని అడిగితే, నీ తలని ఈటెకు గుచ్చి నిలబెట్టిన రోజు దాకా బతికుండి దాన్ని చూసి చెయ్యి ఊపాలని ఉందంటాడు. ఏదో కోపంలో అన్న మాటనుకుంటాం. నాలుగో సీజన్‌లో ఆ తల ముందు నిలబడి నిజంగానే వేళ్లు ఆడిస్తూ చెయ్యి ఊపుతాడు. రెండు సీజన్ల పాటు విర్ ఏమైపోతున్నాడో చూశాం కాబట్టే ఆ చిన్న సైగ అంత గట్టిగా తగులుతుంది. ఎనిమిది ఎపిసోడ్ల సీజన్‌లో విర్‌లాంటి పాత్రకు నాలుగు డైలాగులు మించి దక్కవు.

‘డార్క్’ తీసిన యాంత్యె ఫ్రీజె, బారాన్ బో ఒడార్ ఆ తర్వాత మూడు సీజన్ల కథగా ‘1899’ మొదలుపెట్టారు. 2022 నవంబర్‌లో విడుదలైతే 2023 జనవరిలోనే నెట్‌ఫ్లిక్స్ రద్దు చేసింది. మొదటి సీజన్ ఆఖరి నిమిషాల్లో కథ అసలు ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది, అక్కడితో సరి. అంతకుముందే ఒక పెద్ద కథను చెప్పిన మాట ప్రకారం మూడు సీజన్లలో ముగించి చూపించినవాళ్లకే రెండు నెలల గడువు కూడా దక్కకపోతే, కొత్తవాళ్లు ఐదేళ్ల కథతో ఏ గుమ్మం తొక్కుతారు? స్ట్రజిన్‌స్కీకి కూడా నాలుగో సీజన్‌లో రద్దు భయం పట్టుకుంది. కథనంతా అందులోనే కుక్కేశారు, ఐదో సీజన్ అందువల్లే చప్పబడింది. ఆ దెబ్బ ఇప్పటికీ ఆ సిరీస్ ఒంటి మీద కనిపిస్తుంది. అభిమానులుగా మనం ఈ కంపెనీలను అడగాల్సింది ఇంకో విశ్వం, ఇంకో భారీ బడ్జెట్ కాదు. ఖర్చు సగానికి తగ్గించినా సరే, కథ పూర్తయ్యేదాకా తీస్తామని మొదటి రోజే రాసివ్వమనాలి.