తెలియని బుట్టలోని పులస

సంక్రాంతి పండుగకు అమెరికాలోని మన తెలుగు సంఘం కోనసీమలోని మా లంక ఊరి ఉన్నత పాఠశాలలో జరిపిన ప్రోత్సాహక కార్యక్రమం ఫొటోలను మీరందరూ చూసే ఉంటారు. బ్యానరు ముందు నలభై ఏడుగురు పిల్లలు చేతుల్లో గిఫ్ట్ కార్డులున్న పసుపు అంచు కవర్లు పట్టుకుని నిలబడ్డారు. ప్రధానోపాధ్యాయుల వారికి శాలువా కప్పాము, ప్రార్థన గీతం పాడించాము, మన అధ్యక్షుల వారి సందేశాన్ని నేనే చదివి వినిపించాను. ఆ తరువాత నాలుగు రోజులకు ఏం జరిగిందో మాత్రం కార్యదర్శి గారి నివేదికలో ఒక్క వాక్యం కూడా లేదు. ఆ నాలుగు రోజులూ నేను పుట్టింట్లోనే ఉన్నాను కాబట్టి, చూసింది చూసినట్లు ఈ ఉగాది సంచికలో రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందుగా నిర్ణయం ఎలా జరిగిందో చెప్పాలి. దీపావళి తరువాత జరిగిన కార్యవర్గ సమావేశంలో ఈ కార్యక్రమానికి ఎనభై వేల రూపాయలు కేటాయించాము. తలకు రెండు వేల చొప్పున నలభై మంది పిల్లలకు గిఫ్ట్ కార్డులు ఇచ్చి, ఎవరికి కావలసిన పుస్తకాలు వారే ఆన్‌లైన్‌లో కొనుక్కునేలా చేయాలన్నది ఆలోచన. బడి నుంచి వచ్చిన జాబితాలో మాత్రం నలభై ఏడు పేర్లున్నాయి. ఆ ఏడుగురినీ ఎలా వదిలేయడం అని మన కోశాధికారి గారు వారం రోజులు మథనపడి, పదిహేను శాతం తగ్గింపుతో అవే కార్డులు అమ్మే ఒక ఆన్‌లైన్ అమ్మకందారును వెతికి పట్టుకున్నారు. రెండు వేల కార్డు పదిహేడు వందలకే వస్తుంది, నలభై ఏడు కార్డులకు డెబ్బై తొమ్మిది వేల తొమ్మిది వందలవుతుంది, ఇంకా వంద రూపాయలు మిగులుతుంది. ఆ లెక్క విని మేమంతా సంతోషించాము. నేనూ "చాలా మంచి పని చేశారండీ" అన్నాను. ఆ అమ్మకందారు ఎవరు, అతనికి అంత చవకగా అన్ని కార్డులు ఎక్కడి నుంచి వస్తున్నాయి, డబ్బు ఏ దారిలో పంపుతున్నాము అని మాలో ఒక్కరమూ అడగలేదు. అడిగితే ఆయన మీద అనుమానపడినట్లవుతుందన్న మొహమాటం మాది.

కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసుకుని, కౌశిక ఏటి నీళ్లలోంచి దేవుడి ప్రభలను భుజాల మీద ఎత్తి దాటిస్తుంటే ఒళ్లు పులకరించిన మనసుతోనే మర్నాడు బడికి వెళ్లాను. అంత నిండు మనసుతో ఇచ్చిన కానుక అది. నాలుగో రోజు సాయంత్రం మా వాకిట్లోకి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన కొబ్బరి దింపు కార్మికుడు, అమ్మాయి పదో తరగతి. గుమ్మం దగ్గరే నిలబడి ఆయన, "మేడంగారండీ, కార్డు చెల్లదంటన్నారండి. మా పిల్ల ఏవన్నా తప్పు నొక్కేసిందేమోనండీ, ఓపాలి మీరు చూసి సెప్తారా?" అన్నారు. అమ్మాయి తల ఎత్తలేదు. ఆమెకు కావలసినవి మూడే వస్తువులు: లెక్కల మోడల్ పేపర్ల పుస్తకం, జామెట్రీ బాక్సు, కరెంటు పోయినా వెలిగే చార్జింగ్ లైటు. ఆర్డరు పెట్టించుకోవడానికి నెట్ సెంటరుకు వెళితే, కార్డులో డబ్బు ఎప్పుడో వాడేశారని అక్కడి కుర్రవాడు చెప్పాడట. పైగా "ఎవరికి చూపించావమ్మా, నిజం చెప్పు" అని అందరి ముందూ అడిగాడట. దారి పొడవునా తండ్రి కూడా అదే మాట అడుగుతూ వచ్చారు. ఆ పిల్ల కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి.

నా ఫోనులో సరిచూశాను. ఆమె కవరు అందుకోవడానికి రెండు రోజుల ముందే, మేము ఇంకా కవర్లకు పసుపు రాస్తున్నప్పుడే, ఆ కార్డును ఎవరో తమ ఖాతాలో జమ చేసుకున్నారు. ఆ రాత్రి నుంచి ఇంటింటికీ తిరిగి అడిగితే తేలిన లెక్క ఇది. పదకొండు మందికి కార్డులు సక్రమంగా పనిచేశాయి. ముప్పై మూడు ఖాళీ. మిగిలిన మూడింటిని జారీ చేసిన సంస్థే నిలిపివేసింది. ఆ మూడింటిలో ఒకదాన్ని ఒక అబ్బాయి తన అన్నయ్య ఖాతాలో వేసుకున్నందుకు, ఆ అన్నయ్య ఖాతా మొత్తం స్తంభించిపోయింది.

ఇది ఎలా జరుగుతుందో ఆ తరువాత నేను ఓపికగా తెలుసుకున్నాను. మన కార్యవర్గంలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన విషయమది. గిఫ్ట్ కార్డు అంటే ఒక సంఖ్య, దానికి తోడు ఒక పిన్, అంతే. అది ఎవరి పేరునా ఉండదు. ఆ రెండూ తెలిసినవారిలో ఎవరు ముందుగా వాడుకుంటే డబ్బు వారిది. అమ్మినవాడు మనకు ఈమెయిల్‌లో సంఖ్యలు పంపినంత మాత్రాన అవి అతని దగ్గర చెరిగిపోవు. మన కోశాధికారి గారు కొన్న రోజున మూడు కార్డుల నిల్వ సరిచూశారు, మూడింటిలోనూ పూర్తి డబ్బు ఉంది. కానీ నిల్వ సరిచూడడం ఆ క్షణానికి మాత్రమే సాక్ష్యం, మరుసటి గంటకు అది పనికిరాదు. మనం నవంబరులో కొని జనవరిలో పంచాము. ఆ రెండు నెలల్లో ఎప్పుడు ఖాళీ చేసుకున్నా మనకు తెలిసే అవకాశమే లేదు. కొట్లో గోడకు వేలాడే ప్లాస్టిక్ కార్డుల విషయంలోనూ ఇదే తీరు: దొంగలు కవరు విప్పి, సంఖ్యలు రాసుకుని, మళ్లీ అతికించి యథాస్థానంలో పెట్టి, ఎవరో కొని డబ్బు వేసిన వెంటనే లాగేసుకుంటున్నారు. అమెరికాలో దీన్ని అరికట్టడానికి మేరీల్యాండ్ రాష్ట్రం 2024లో ప్రత్యేకంగా చట్టం చేసి, విప్పితే తెలిసిపోయే గట్టి కవర్లను 2025 జూన్ నుంచి తప్పనిసరి చేసింది.

నిలిచిపోయిన మూడు కార్డులు నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. దొంగిలించిన క్రెడిట్ కార్డుతో గిఫ్ట్ కార్డులు కొని, వాటిని చవకగా అమ్మి చేతికి నగదు తెచ్చుకోవడం పాత పద్ధతి. అసలు యజమాని బ్యాంకుకు ఫిర్యాదు చేయగానే గిఫ్ట్ కార్డు చెల్లకుండా పోతుంది, నష్టం చివరి చేతిలో ఉన్నవారిది. ఇంకో రకం కార్డులు ఇంతకంటే విచారకరమైనవి. పన్ను బాకీ ఉందని, వీసా రద్దవుతుందని ఫోనులో బెదిరించి, వణికిపోతున్న మనిషిని కొట్టుకు నడిపించి, గిఫ్ట్ కార్డులు కొనిపించి, వాటి సంఖ్యలను ఫోనులోనే చదివించుకుంటారు. 2016 అక్టోబరులో ముంబై శివారు మీరా రోడ్డులో పోలీసులు పట్టుకున్న కాల్ సెంటర్ల వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది, అక్కడి నుంచి అమెరికా వారికి వెళ్లిన ఫోన్లు ఇటువంటివే. మన ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు కూడా ఇటువంటి బెదిరింపు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఆ సంఖ్యలు చివరికి తగ్గింపు ధరకు ఎక్కడో అమ్ముడవుతాయి. మనం మిగుల్చుకున్న పదిహేను శాతం ఏ ముసలావిడ కన్నీళ్లలోంచి వచ్చిందో మనకు తెలియదు. పిల్లల చేతిలో పెట్టే కానుక విషయంలో ఆ తెలియకపోవడమే నాకు భరించరానిదిగా ఉంది.

బేరం మన రక్తంలో ఉందని, తగ్గింపు అంటే మనవాళ్లు ఆగలేరని ఫిబ్రవరి సమావేశంలో ఒకరు అన్నారు. ఆ మాట మా గోదావరి వారికి న్యాయం చేయదని నా అభిప్రాయం. మా అమ్మమ్మ బేరమాడడంలో ఊరంతటికీ పేరు మోసిన మనిషి. వరదల కాలంలో గోదారి ఎర్రబడి, సముద్రం నుంచి ఇలస చేప ఎదురీదుతూ పైకి వచ్చి పులసగా మారే రోజుల్లో, ఆమె బేరం చూడడానికి మేము వీధి అరుగు మీద కూర్చునేవాళ్లం. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, ఆ ధరలు ఎప్పుడూ మంట మీదే ఉండేవి. అయినా ఆమె ఒకే ఒక్క మత్స్యకార స్త్రీ దగ్గర కొనేది. ఇద్దరూ అరగంట వాదించుకునేవారు, ఆమె బుట్ట ఎత్తుకుని నాలుగడుగులు వేసేది, అమ్మమ్మ వెనక్కి పిలిచేది. చివరకు ధర కుదిరాక కొసరుగా గుప్పెడు రొయ్యలు చేటలో పడేవి. ఒక ఏడాది ఎవరో కొత్త మనిషి సగం ధరకే పులస అంటూ వీధిలోకి వచ్చాడు. వీధిలో నలుగురు కొన్నారు. అమ్మమ్మ బుట్టలోకి తొంగి కూడా చూడలేదు. "సగానికి వచ్చేది పులస ఎలా అవుద్దే?" అన్నది. సాయంత్రానికి కూర తిన్న వాళ్లందరికీ తెలిసింది, అది ఏరు ఎక్కని సముద్రపు ఇలస అని.

అమ్మమ్మ బేరం వెనుక ముఖపరిచయం ఉంది, రేపు మళ్లీ ఇదే వీధికి రావాలన్న కట్టుబాటు ఉంది. ఆ కొసరు రోజూ చూసే మనిషి ఇచ్చింది. మనం నవంబరులో తీసుకున్న తగ్గింపులో ఇవేవీ లేవు. చేపనైతే మొప్ప ఎత్తి చూడవచ్చు, అంకెలకు మొప్ప కూడా ఉండదు. మా అరుగు మీద కూర్చుని నేర్చుకున్నది నేనే మరిచిపోయి, ఆ సమావేశంలో తల ఊపినందుకు బాధపడుతున్నాను.

తగ్గింపు అన్నదల్లా మోసమేనని నేను అనడం లేదు. కాస్ట్‌కో కొట్లో వంద డాలర్ల రెస్టారెంటు కార్డులు ఎనభైకి దొరకడం మనందరికీ తెలిసిందే, అక్కడ కొట్టుకూ కార్డు జారీ చేసిన సంస్థకూ నేరుగా ఒప్పందం ఉంటుంది. పండుగల్లో సంస్థలే స్వయంగా తగ్గింపు ఇస్తాయి. తమకు అక్కరలేని కార్డులను నిజాయితీగా అమ్ముకునేవారూ ఉన్నారు, కొంత గడువు వరకు హామీ ఇచ్చే మధ్యవర్తులూ ఉన్నారు. సొంతానికి కొనుక్కుని అదే పూట వాడేసుకునేవారు ఆ సాహసం చేస్తే చేయవచ్చు, పోతే వారి డబ్బే పోతుంది. కొన్న రెండు నెలల తరువాత, ఖండాల అవతల, ఫిర్యాదు ఎవరికి చేయాలో తెలియని పిల్లలకు పంచే సంఘానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

పోయిన డబ్బు తిరిగి రాబట్టే దారి కూడా మనమే మూసుకున్నాము. ఆ అమ్మకందారు క్రెడిట్ కార్డు తీసుకోనన్నాడు, స్నేహితులకు పంపినట్లు పంపే యాప్‌లోనే పంపమన్నాడు. క్రెడిట్ కార్డుతో చెల్లించి ఉంటే, అమెరికాలోని 1974 నాటి బిల్లింగ్ చట్టం కింద బిల్లు వచ్చిన అరవై రోజుల్లోగా లిఖితపూర్వకంగా వివాదం లేవనెత్తే హక్కు ఉండేది. మన చేతులతో మనమే పంపిన డబ్బుకు ఆ రక్షణ దొరకలేదు. జారీ చేసిన సంస్థ కూడా, తమ దగ్గర కొనని కార్డులకు బాధ్యత వహించలేమని మర్యాదగానే చెప్పింది. భారతదేశంలో ఇటువంటి మోసాలకు 1930 నంబరు ఉంది, వెంటనే ఫోను చేస్తే డబ్బు ముందుకు కదలకుండా ఆపే ప్రయత్నం చేస్తారు. మేము ఫోను చేసేటప్పటికే ఆలస్యమైంది.

ఇక నన్ను ఈ వ్యాసం రాయడానికి కూర్చోబెట్టిన మాట గురించి. ఫిబ్రవరి సమావేశంలో ఈ విషయం ప్రస్తావించగానే, "చిన్న మొత్తమే కదండీ, పండుగపూట ఎందుకు తవ్వడం" అన్నారు ఒక పెద్దాయన. దానిని నేను సహించగలిగాను. వెనువెంటనే మరొకరు, "ఆ పిల్లలే ఎవరికో నంబర్లు చూపించి ఉంటారు, అక్కడ అంతే" అన్నారు. ఎవరూ ఖండించలేదు. నెట్ సెంటరు కుర్రవాడు తెలియక అన్న మాటను, తేదీలన్నీ కళ్ల ముందు పెట్టుకుని మనం మళ్లీ అన్నాము. కోశాధికారి గారు మాత్రం ఆ రాత్రి నాకు ఫోను చేసి కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయనను నిందించడానికి ఈ వ్యాసాన్ని ఎవరూ వాడుకోవద్దని ప్రార్థన. ఏడుగురు పిల్లలను వదలలేకపోయిన మనిషి ఆయన. నిర్ణయానికి తల ఊపినవాళ్లం పదకొండు మందిమి.

కార్యవర్గాన్ని నేను కోరేది ఎక్కువేమీ లేదు. ఇకముందు సంఘం పేరున ఇచ్చే ఏ కార్డునైనా జారీ చేసిన సంస్థ దగ్గరే, సంఘం క్రెడిట్ కార్డుతోనే, పంచే రోజుకు దగ్గరలోనే కొనాలని తీర్మానం చేయాలి. ఇంకా మంచిది, అమలాపురంలో పుస్తకాల కొట్టుకు నేరుగా డబ్బు కట్టి, పిల్లలనే అక్కడికి పంపి ఎంచుకోమనడం. ముప్పై ఆరుగురు పిల్లలకు తలకు రెండు వేల చొప్పున మనం డెబ్బై రెండు వేలు బాకీ ఉన్నాము. ఉగాది సాంస్కృతిక కార్యక్రమానికి పిలిచే గాయకుల విమాన టికెట్ల కన్నా ఈ మొత్తం తక్కువ. పదో తరగతి పరీక్షలు ముగిసిపోకముందే ఇది అందాలి.

డబ్బుతో పాటు ప్రతి బిడ్డకూ ఆమె పేరున, అతని పేరున, సంఘం ముద్రతో ఒక ఉత్తరం వెళ్లాలి. కార్డు ఖాళీ కావడంలో నీ తప్పేమీ లేదు, కొనడంలో మేము పొరపాటు చేశాము, మమ్మల్ని క్షమించు అని అందులో స్పష్టంగా ఉండాలి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, తేలిక మాటల్లో రాయాలి. ఆ అమ్మాయి తండ్రికి చదువు రాదు. ఆ ఉత్తరాన్ని ఆయనకు ఆమే చదివి వినిపించాలి.