పిల్లల తరగతి చూసుకుని రాష్ట్రం మారండి

తెలుగు రాష్ట్రాల నుంచి బెంగళూరుకో పుణెకో చెన్నైకో మారే కుటుంబాలు సాధారణంగా రెండే లెక్కలు వేసుకుంటాయి. చేతికొచ్చే జీతం ఎంత, ఇంటి అద్దె ఎంత అని. రెండూ చూసుకోవాల్సినవే. కాకపోతే అవి ఏడాది తిరిగేలోగా సరిదిద్దుకోగల లెక్కలు. కొలువు నచ్చకపోతే మరోటి వెతుక్కోవచ్చు, ఇల్లు ఇరుకైతే ఖాళీ చేయవచ్చు. ఒకసారి పోతే తిరిగి రానిది పిల్లల స్థానికత, అంటే కళాశాల ప్రవేశాల్లో ఒక రాష్ట్రం వారిగా స్థానిక కోటాకు ఉండే అర్హత. చాలా ఇళ్లలో కౌన్సెలింగ్‌లో ధ్రువపత్రాలు అడిగే రోజుదాకా దాని మాటే రాదు.

రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులే ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశాలకు ఆధారం. సీట్లలో 85 శాతం స్థానికులవి. అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు అక్కడ చదివినవారే స్థానికులు. ఇంజినీరింగ్‌కు అర్హత పరీక్ష ఇంటర్ కాబట్టి 9, 10 తరగతులు, ఇంటర్ రెండేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలి. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివసించినట్లు పత్రం చూపితే మిగిలిన 15 శాతానికి పోటీ పడవచ్చు. అక్కడ మంచి ర్యాంకు తెచ్చుకున్న స్థానికులూ పోటీకి ఉంటారు. తెలంగాణ వైద్య సీట్ల స్థానిక కోటాకూ 9వ తరగతి నుంచి నాలుగేళ్ల చదువునే షరతుగా 2024లో తెచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది.

ఇక వెళ్లే చోటి నిబంధన చూద్దాం. కర్ణాటక ఉమ్మడి ప్రవేశ పరీక్షలో రాష్ట్ర కోటాకు సాధారణ షరతు ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ (అక్కడి ఇంటర్ రెండో ఏడాది) లోపు మొత్తం ఏడేళ్లు అక్కడ చదవడం. ఎనిమిదో తరగతిలో గుంటూరు నుంచి బెంగళూరు వెళ్లిన పిల్లకు పన్నెండు పూర్తయ్యేనాటికి అక్కడ అయిదేళ్లే అవుతాయి. ఇక్కడ చివరి నాలుగేళ్లూ లేవు, అక్కడ ఏడేళ్లూ లేవు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఆరో తరగతి మొదట్లోనే వెళ్తే ఆ ఏడేళ్లు సరిగ్గా సరిపోతాయి. అందుకే మా సూచన: కర్ణాటకకు మారేవారు ఆరో తరగతికి ముందే మారాలి, లేదంటే ఇంటర్ అయ్యాక. నడుమ తప్పనిసరైతే 9 నుంచి నాలుగేళ్లు తాతయ్య ఇంట్లోనో హాస్టల్లోనో ఉంచి ఇక్కడే చదివించడం ఒక దారి. పిల్లల్ని దూరంగా ఉంచడం ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా ఆ నిర్ణయం ఎనిమిదో తరగతిలోనే జరిగిపోవాలి. ఎన్‌ఐటీల లెక్క మళ్లీ వేరు. అక్కడ సొంత రాష్ట్రమంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రమే. ఇంటర్ ఎక్కడ పూర్తిచేస్తే వరంగల్, తాడేపల్లిగూడెం, సూరత్కల్‌లలో అక్కడిది సొంత ఎన్‌ఐటీ అవుతుంది.

సీబీఎస్ఈలోనైతే 10, 12 తరగతుల్లో నేరుగా చేర్చుకోరు. బదిలీ వంటి కారణం చూపి, బోర్డు అనుమతితోనే ప్రవేశం.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు మరొకటి చూసుకోవాలి. పుట్టిన రాష్ట్రంలోని హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో రిజర్వేషన్‌కు పనికిరాదని 1990లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 2018లో మరో ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. కేంద్ర ఉద్యోగాల్లో హోదా చెక్కుచెదరదు. కొత్త రాష్ట్ర ప్రభుత్వ కొలువుల్లో, రాష్ట్ర కోటా సీట్లలో మాత్రం జనరల్ కింద నిలబడాల్సి వస్తుంది.

ఇల్లు ఎక్కడ అన్నది ఆఫీసు నుంచి మ్యాపులో కనిపించే కిలోమీటర్లతో తేలదు. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆ దారిలో ఒకసారి వెళ్లి రావాలి, సాయంత్రం ఆరున్నరకు తిరుగు దారీ చూడాలి. ఇంటి యజమానిని కాకుండా వాచ్‌మన్‌ను అడగండి, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు ఎన్నొస్తాయని. నీళ్ల సంగతి అక్కడే బయటపడుతుంది. చాలాచోట్ల ఒప్పందం 11 నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. అందులో లాకిన్ (మధ్యలో ఖాళీ చేయకూడని గడువు) ఎన్నాళ్లు, ఖాళీ చేసేటప్పుడు రంగులకని అడ్వాన్సులో ఎంత కోస్తారు అన్న రెండు వాక్యాలు సంతకానికి ముందే చదవాలి. 2021 నాటి నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంటోంది. అయితే దాన్ని రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలు. ఒప్పందంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించుకుంటే ఇద్దరికీ చిరునామా రుజువు దొరుకుతుంది.

సామాను లారీకి ఈ-వే బిల్లు (సరకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) పేరుతో అదనంగా అడిగితే ఇవ్వకండి. వాడిన ఇంటి సామానుకు అది అక్కర్లేదు. బీమా పేరుతో డబ్బు తీసుకుంటే పాలసీ కాగితం చేతికొచ్చాకే లోడింగ్. గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు పాత ఏజెన్సీకి అప్పగించి టర్మినేషన్ వోచర్ (కనెక్షన్ ముగించినట్లు ఇచ్చే కాగితం) తీసుకోవాలి. ఓటు మార్పుకు ఫారం 8. రేషన్ బియ్యం ఏ రాష్ట్రంలోనైనా వేలిముద్రతో వస్తాయి, రాష్ట్రం తన ఖర్చుతో అదనంగా ఇచ్చేవి రావు.

అన్నిటికన్నా విసిగించేది బండి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం 12 నెలలు దాటి మరో రాష్ట్రంలో ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. పాత ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (రుణం ఉంటే బ్యాంకు సమ్మతి కూడా), కొత్తచోట ఫారం 27, అక్కడి జీవితకాల పన్ను, ఆ తర్వాతే పాత రాష్ట్రం నుంచి పన్ను వాపసుకు దరఖాస్తు. తొలి నెలల్లోనే ఎన్‌ఓసీకి తొందరపడవద్దు. కొలువు కుదరక వెనక్కొస్తే దాన్ని రద్దు చేయించుకోవడం మరో ప్రదక్షిణ. నంబరు మారిన రోజే బీమా పాలసీలో, ఫాస్టాగ్‌లో కూడా మార్పించాలి. పాత నంబరుతో ఉన్న పాలసీ మీద క్లెయిమ్ దగ్గర చిక్కులొస్తాయి. 2021 సెప్టెంబరులో మొదలైన బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చక్కర్లేని బండి నంబరు) ఈ బెడద లేకుండా చేసింది గానీ, ప్రభుత్వోద్యోగులకూ, నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకే అది దక్కుతోంది. చిన్న సంస్థలో పనిచేసేవారు, సొంత వృత్తిలో ఉన్నవారు ఎక్కువసార్లు ఊళ్లు మారుతున్నా దానికి అర్హులు కారు.

ఒకే బండికి ఒకే కాలానికి రెండు రాష్ట్రాలు పన్ను పట్టుకోవడం న్యాయం కాదు. చాలా రాష్ట్రాల బండ్ల వివరాలు కేంద్రం నడిపే వాహన్ పోర్టల్లోనే ఉన్నాయి. కొత్త నంబరు పడగానే పాత రాష్ట్రం వాపసు సొమ్మును యజమాని ఖాతాలో వేయాలి, దరఖాస్తు కోసం ఎదురుచూడకూడదు. రాష్ట్రం దాటి వెళ్లే విద్యార్థికి టీసీ ఇచ్చేటప్పుడు స్థానికత నిబంధన ముద్రించిన ఒక కాగితాన్ని ప్రధానోపాధ్యాయులు జతచేయాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ ఆదేశించాలి.