గ్యాస్ పైపుకు ఎర్త్ ఎవరి పని?

హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో వంటింటికి పైపులో గ్యాస్ రావడం ఇప్పుడు వింతేమీ కాదు. సిలిండర్ ఎప్పుడు అయిపోతుందోనన్న టెన్షన్ తప్పింది, సంతోషమే. కనెక్షన్ ఇచ్చే రోజు సిబ్బంది వచ్చి లీకు ఉందేమో చూస్తారు, వాల్వు ఎలా కట్టేయాలో చెబుతారు, సంతకం తీసుకుని వెళ్తారు. ఆ లోహపు పైపును ఇంటి ఎర్త్‌కు కలిపారా అని మాత్రం సాధారణంగా ఎవరూ అడగరు. గ్యాస్ వాళ్ల దృష్టిలో అది కరెంటు పని. వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ ఏనాడో వెళ్లిపోయాడు.

గ్యాస్ పైపులోకి కరెంటెలా వస్తుందని అనుమానం రావచ్చు. ఆ పైపు పక్కనే చిమ్నీ, ఫ్రిజ్, ప్లగ్గు పెట్టి వెలిగించే పొయ్యి ఉంటాయి. ఎలుక కొరికిన వైరైనా, మేకు దిగబడిన కేబులైనా పైపుకు తగిలితే చాలు. వీధిలో నేల కింద వచ్చే గ్యాస్ గొట్టం ఎక్కువగా పాలిథిలిన్ అనే ప్లాస్టిక్‌ది, దాని గుండా కరెంటు నేలలోకి పోదు. దాంతో గోడ మీది పైపు 230 వోల్టులతో అలాగే ఉండిపోతుంది. కరెంటు పోయే దారే లేదు కాబట్టి, కరెంటు మోతాదు మించితే సరఫరా ఆపేసే స్విచ్చి (ఎంసీబీ) పడదు. వాల్వు మీద ఒక చెయ్యి, స్టీలు సింకు మీద ఇంకో చెయ్యి వేసిన మనిషే ఆ దారి అవుతారు. మన ఇళ్లలో ఆ మనిషి ఎక్కువగా ఆడవాళ్లే. అపార్ట్‌మెంట్లలో బయటి గోడ వెంట పైకెక్కే పైపు అందరికీ ఒకటే. మధ్యలో కరెంటును దాటనివ్వని ఇన్సులేటింగ్ జాయింటు లేకపోతే రెండో అంతస్తులోని లోపం ఐదో అంతస్తులో షాక్ కొట్టవచ్చు.

నిప్పురవ్వ భయం వేరే ఉంది. పైపు గ్యాస్‌లో ఎక్కువగా ఉండేది మీథేన్. గాలిలో అది 5 నుంచి 15 శాతం దాకా ఉంటే అంటుకోవడానికి మిల్లీజౌల్‌లో మూడో వంతు శక్తి కూడా అక్కర్లేదు. తెలిసిన ఫిట్టర్లు పైపు కోసే ముందు రెండు వైపులనూ తాత్కాలికంగా ఒక వైరుతో కలిపేది కోసేచోట రవ్వ రేగకుండా ఉండేందుకే.

దీనికి మందు పెద్ద ఖర్చేమీ కాదు. మీటరు దాటాక, పైపు ఇంట్లో శాఖలుగా విడిపోకముందే, క్లాంప్ బిగించి కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో మెయిన్ ఎర్త్‌కు కలపాలి. ఎర్తింగ్‌పై భారత ప్రమాణం ఐఎస్ 3043 నీటి గొట్టాలతో పాటు గ్యాస్ గొట్టాలనూ ఇలా కలపమంటోంది. గ్యాస్ పైపునే ఎర్త్‌గా వాడటం మాత్రం పూర్తిగా వేరే సంగతి, అది నిషిద్ధం. కుళాయి గొట్టానికి ఎర్త్ వైరు చుట్టే పాత అలవాటు ఇంకా పోలేదు. చేతికి అందుతోంది కదా అని రేపు అదే వైరును గ్యాస్ పైపుకు చుట్టరని నమ్మకమేమిటి?

ఇంతకన్నా చిక్కు ప్రశ్న ఇంటి ఎర్త్‌దే. ఎప్పుడో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గుంత ఎండిపోయి, వైరు తుప్పు పట్టి తెగిపోయిన ఇళ్లు తక్కువేం కాదు. ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చేవాళ్లమే మనం. ఎర్త్ చచ్చిన ఇంట్లో గ్యాస్ పైపును దానికి కలిపితే, ఫ్రిజ్‌లో లీకైన కరెంటును మన చేతులతో మనమే పొయ్యి దాకా తెచ్చుకున్నట్టు. అందుకే ముందు ఎర్త్ కొలవాలి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల స్విచ్చి (ఆర్‌సీసీబీ) పెట్టాలి. పైపును ఎర్త్‌కు కలపడం, అంటే బాండింగ్, ఆ తర్వాతే.

అమెరికాలో ఇళ్లు కొన్న మనవాళ్లకు పసుపు తొడుగున్న ముడతల స్టీలు గ్యాస్ గొట్టం తెలిసే ఉంటుంది. దాని గోడ చాలా పలచన. దగ్గర్లో పడిన పిడుగు చిల్లులు పొడవగలదు. అందుకే అక్కడి గ్యాస్ కోడ్ 2009 నుంచి ఆ గొట్టానికి నేరుగా బాండింగ్ ఉండాల్సిందేనని చెబుతోంది.

మన దగ్గర కొరత నిబంధనది కాదు, బాధ్యతది. గ్యాస్ భద్రతా ప్రమాణాలు కేంద్ర నియంత్రణ మండలి చేతిలో, విద్యుత్ తనిఖీ రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. కనెక్షన్ ఫారంలో లీకు పరీక్ష కింద ఎర్త్ రీడింగుకు, బాండింగుకు గడులు పెట్టాలని, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ సంతకం పడ్డాకే వాల్వు తెరవాలని మేం కోరుతున్నాం. ఈ ఖర్చును కనెక్షన్ చార్జీలోనే కలపాలి. విడిగా అడిగితే కట్టేవారు తక్కువ. పాత కనెక్షన్లున్న అపార్ట్‌మెంట్లలో నివాసుల సంఘాలు ముందుగా బయటి గోడ పైపును పరీక్ష చేయించాలి.