నిలువు లెక్కలు దండగన్న మెసేజ్‌కు ఒక అయివారి జవాబు

మొన్న మా బడి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది. సాయంత్రానికి మా తోడల్లుడు కూడా అదే పంపాడు. "మీ పిల్లలకు నిలువు లెక్కలు నేర్పించకండి" అని మొదలవుతుంది. అందులో ఉన్నది ఇదీ: అంకెలు ఒకదాని కింద ఒకటి వేసి, చేతిలో ఒకటి, పక్కనుంచి అప్పు అంటూ చేయించే పద్ధతులు ఇంగ్లీషువాళ్లు గుమాస్తాల కోసం తెచ్చినవి. జపాన్, ఫిన్లాండ్‌లలో వీటిని నేర్పరు. ఇవి పిల్లల ఆలోచనను చంపేస్తాయని అమెరికాలో రుజువైంది. సంతలో కూరగాయలమ్మే పిల్లోడు బడికి పోకుండానే లెక్క చెప్తాడు. ఎలాగూ ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంది. చివర్లో దండం పెట్టే బొమ్మలు మూడు.

నేను అనంతపురం జిల్లాలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో లెక్కలు చెప్తాను. ఆ మెసేజ్ చూసి ఒక తండ్రి "మరెందుకు సార్ అంత హోంవర్క్ ఇస్తారు?" అని అడిగాడు కాబట్టి రాస్తున్నా.

ఇంగ్లీషువాళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. పది అంకెలతో రాస్తూ స్థానాన్ని బట్టి అంకెకు విలువ రావడం, దాన్ని పట్టుకుని వరుసగా లెక్క చేయడం మన దగ్గర పుట్టినవే. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గుణకారానికి కపాట సంధి అనే పద్ధతి చెప్పాడు. ఆయన గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా దించాడు. బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ హిందూ లెక్కల మీద రాసిన పుస్తకం లాటిన్‌లోకి పోయింది, ఆయన పేరే నలిగి నలిగి అల్గారిథమ్ (మెట్టు మెట్టుగా లెక్క చేసే పద్ధతి) అయింది. మనం ఇప్పుడు గీసే భాగహారం రూపం యూరప్‌లో కుదురుకున్నదే, కాదనను. అయితే గుమాస్తాల కథ మాత్రం కట్టుకథ. ఇదే మెసేజ్ ఇంకో చోట "వేద గణితం చాలు" అంటుంది. ఆ పేరుతో వచ్చిన పుస్తకం 1965లో అచ్చయింది. అందులోని సూత్రాలు వేదాల్లో దొరకవు. 97ని 96తో చిటికెలో గుణించే చిట్కా బాగానే ఉంటుంది, రెండూ వందకు దగ్గర కాబట్టి. 47ని 38తో గుణించమంటే ఆ చిట్కాకు ఆయాసం వస్తుంది.

జపాన్ విషయం అబద్ధం. అక్కడ ఎక్కాలు రెండో తరగతిలోనే వల్లె వేయిస్తారు. నిలువుగా వేసే లెక్కకు హిస్సాన్ అని పేరు కూడా ఉంది. ఫిన్లాండ్‌లో కూడా కింద కింద వేసి చేయడం నేర్పుతారు. అమెరికాలో చాలా రాష్ట్రాలు 2010 నుంచి పట్టుకున్న ప్రమాణాల్లో ఈ పద్ధతి రావాల్సింది కూడిక, తీసివేతలకు నాలుగో తరగతిలో, గుణకారానికి ఐదులో, భాగహారానికి ఆరులో అని రాసి ఉంది. ఆలస్యంగా నేర్పమన్నారు, మానేయమనలేదు.

"అమెరికాలో రుజువైంది" అన్నదాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయను. దాని వెనుక నిజంగా ఒక పరిశోధన ఉంది. కాన్‌స్టన్స్ కామీ, ఆన్ డొమినిక్ అనే ఇద్దరు 1998లో, ఒకటి నుంచి నాలుగు తరగతుల్లో పద్ధతులు నేర్పడం హాని చేస్తుందని రాశారు. వాళ్లు పిల్లలకిచ్చిన లెక్క 7 + 52 + 186. జవాబు 245. పద్ధతి నేర్చిన పిల్లల్లో కొందరు తొమ్మిదివందల పైచిలుకు రాశారు. ఏడును తీసుకుపోయి వందల కింద కలిపారన్నమాట. జవాబు అంత పెద్దదిగా వచ్చినా వాళ్లకు అనుమానం రాలేదు. ఇది నేను రోజూ చూసేదే. కానీ ఆ పరిశోధనలో పద్ధతి నేర్వకుండానే బాగా చేసిన పిల్లలను గాలికి వదిలేయలేదు. "నువ్వెలా చేశావు? నీదెలా కుదిరింది?" అని అడిగి వాదించుకోనిచ్చే టీచర్లు వాళ్లకున్నారు. మెసేజ్ పద్ధతిని తీసేయమంటుంది గానీ, ఆ చోట్లో ఏం పెట్టాలో చెప్పదు.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుందో 52 – 27లో చూడండి. మా మూడో తరగతిలో ఏటా కొందరు 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు, కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. అది పరాకు కాదు. బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు 1978లోనే చూపించారు: పిల్లలు తప్పులు కూడా ఒక నియమం ప్రకారం చేస్తారని. అంటే బుర్ర పనిచేస్తూనే ఉంది, దారి తప్పింది. ఎర్ర ఇంకుతో కొట్టేస్తే ఆ దారి మనకు కనపడదు.

ఒకసారి ఒక పిల్లోడు అడిగాడు: "సార్, పక్కోని దగ్గర అప్పు తెచ్చుకున్నాం కదా, మళ్లీ ఎప్పుడు కట్టాల?" నాకు జవాబు తట్టలేదు. ఆ రోజు నుంచి అప్పు అనే మాట మానేశాను. ఐస్‌క్రీం పుల్లలు పదేసి రబ్బరు బ్యాండు వేసి పెట్టాను. యాభై రెండంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు ఇవ్వాలంటే ఒక కట్ట విప్పాలి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. అప్పూ లేదు, సప్పూ లేదు, చిల్లర మార్చుకున్నామంతే. ఆ తర్వాత 500 – 178 ఇస్తే, సున్నాల దగ్గర బిత్తరపోయే పిల్లలు కూడా వందనోటు మార్చి పది పదులు, అందులో ఒక పది మార్చి పది రూపాయి బిళ్లలు చేసుకుంటారు. పలక మీద నాలుగు, తొమ్మిది, పది అని కొట్టి రాసేది దీన్నే. పుల్లలతో చేసిందాన్ని పొట్టిగా రాసుకుంటే పద్ధతి అయింది. పుల్లలు లేకుండా ముందే పొట్టిరాత నేర్పామా, అప్పుడు మెసేజ్ రాసినాయన మాట నిజమవుతుంది. ఆ తప్పు మా అయివార్లది, నాతో సహా.

సంత పిల్లోడి ఉదాహరణ నాకూ ఇష్టమే. బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధిలో సరుకులమ్మే పిల్లల మీద 1985లో ఒక అధ్యయనం వచ్చింది. వీధిలో అడిగిన లెక్కల్లో వాళ్లు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద ఇస్తే 37 శాతమే. మెసేజ్ దీంట్లో సగమే పట్టుకుంది. అక్కడొక పిల్లోణ్ని 35 చొప్పున పది కొబ్బరికాయలెంత అని అడిగారు. మూడు 105, ఇంకో మూడు కలిపి 210, అంటూ పోయి 350 దగ్గర తేలాడు. తెలివి తక్కువేం కాదు. కానీ పదితో గుణిస్తే సున్నా చేర్చుకోవచ్చని ఎవరైనా చెప్పి ఉంటే? 2025లో కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద వచ్చిన అధ్యయనమూ అదే చెప్పింది: బజారు లెక్క వచ్చిన పిల్లలు బడి లెక్కలో తడబడ్డారు, బడి పిల్లలు బజారు లెక్కలో తడబడ్డారు.

కక్కలపల్లి టమోటా మండీకి పోయి చూడండి. 140 చొప్పున 37 బాక్సులు, 115 చొప్పున 22, 60 చొప్పున 9. దీంట్లోంచి కమీషన్, హమాలీ, బండి బాడుగ పోవాలి. మొదటి ముక్క నోటితో అయిపోతుంది. చీటీ మొత్తం మీద తప్పుంటే, ఎక్కడుందో వేలు పెట్టి చూపడానికి కాగితం కావాలి. కోతలకు ముందు 8,250 రావాల్సిన చోట 8,050 అని రాసుంటే నోటిలెక్కల రైతు "ఏందో తక్కువున్నట్టుందే" అంటాడు, రాసుకున్న రైతు "ఇగో ఈడ" అంటాడు.

బడుల్లో ఈ పద్ధతులు మరీ రుద్దేస్తున్నారన్న దిగులు కూడా అక్కర్లేదు. పల్లె పిల్లల చదువు, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూసే అసర్ సర్వే 2024లో చేసినప్పుడు పల్లెల్లోని ఐదో తరగతి పిల్లల్లో మామూలు భాగహారం చేయగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 30.7 శాతం.

ఇక ఫోన్. ఒకటిని ఏడుతో భాగించమని ఫోన్‌నడిగితే 0.142857 తర్వాత ఇంకొన్ని అంకెలు చూపి ఆగిపోతుంది. ఎందుకలా వచ్చిందో చెప్పదు. మొన్న ఏడో తరగతిలో దీన్నే బోర్డు మీద చేయించాను. శేషం మూడు, తర్వాత రెండు, ఆరు, నాలుగు, ఐదు. ఇంకొక్క మెట్టు దిగాక చాక్‌పీసు పట్టుకున్న పిల్ల ఆగి వెనక్కి తిరిగింది. "సార్, మళ్లీ ఒకటే మిగిలింది. ఇంక ఇది మొదట్నించీ తిరుక్కుంటాది కదా?"