మహారాజశ్రీ మెజెటాన్ గారి గిటారుకి

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని బొమ్మలో, పాత ఇటాలియన్ హాస్యనాటకాల పాత్ర మెజెటాన్ ఒళ్ళో కొలువున్న గిటారు గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి. నిజానికి మీ కుశలం గురించే నా టెన్షన్.

ఫ్రెంచి చిత్రకారుడు వాటో మిమ్మల్ని గీసింది 1718-20 ప్రాంతంలో. అప్పట్నుంచీ ఈ చారల బట్టల పెద్దమనిషి తల వాల్చి, కళ్ళు పైకెత్తి, ఆ మోటు వేళ్ళతో మిమ్మల్ని మీటుతూనే ఉన్నాడు. ఎవరికోసమండీ? తోటలో పిట్ట కూడా లేదు. వెనక చెట్ల మధ్య ఒకావిడ ఉంది గానీ, ఆవిడ రాతిబొమ్మ. అదీ వీపు ఇటు పెట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడికి కనీసం శంఖమన్నా కనబడుతుంది.

ఊళ్ళు మారినా లాభం లేకపోయింది. వాటో స్నేహితుడు జుల్యెన్ పోయాక, 1767 వేలంలో మిమ్మల్ని రష్యా మహారాణి కేథరిన్ కొనుక్కుంది. 1934లో సోవియట్ సర్కారు అమ్మేస్తే న్యూయార్క్ చేరారు. రాణి పోయింది, రాజ్యం పోయింది, ఆ రాతిబొమ్మ మాత్రం ఇటు తిరగలేదు.

పోనీ మీ చుట్టాలైనా బుద్ధిగా వాయించుకుంటున్నారా అంటే, అదీ లేదు. లండన్ వాలెస్ కలెక్షన్ మ్యూజియంలో, వాటోదే ఇంకో బొమ్మలో, మీ పొడుగుమెడ అన్నగారు థియోర్బో అనే తీగల వాయిద్యానికి శ్రుతి చెయ్యడంతోనే పుణ్యకాలం గడిచిపోయింది. బూషే 1748లో వేసిన బొమ్మలో గొల్లపిల్లాడు ఓ అమ్మాయికి వేణువు నేర్పుతున్నాడట. వేణువు నేర్పాలంటే అంత దగ్గరగా జరగాలని నాకింతవరకూ తెలీదు. ఇక ఫ్రాగొనార్ గీసిన 'సంగీత పాఠం'లో గురువుగారి చూపు స్వరాల పుస్తకం మీద తప్ప అన్నిచోట్లా ఉంది. అక్కడ ఆ పాఠం వంటబట్టేది ఎవరికైనా ఉంటే, కుర్చీ మీది పిల్లికే.

విషయం నాకర్థమైంది లెండి. ఆడపిల్ల పక్కన చేరాలంటే మగాడికో వంక కావాలి. ఆ వంకకే ఐదు జతల తీగలు బిగించి మిమ్మల్ని తయారుచేశారు. మీరు వాయిద్యమేమిటండీ, కమీషన్ లేని పేరయ్య! ఈ తోట సరసాలకి పాపం ఫ్రెంచి చిత్రకళా అకాడమీ వాళ్ళు 1717లో 'ఫెత్ గలాంత్' (సరసాల విందు) అని గౌరవంగా రాసుకున్నారు. మా వీధిలో అయితే దీనికి వేరే పేరుంది.

ఇట్లు,
మీ ముందు అరగంట నిలబడి, ఒక్క స్వరమూ వినపడని ప్రేక్షకుడు

తా.క.: వెనకున్నది రాతిబొమ్మ అని మెజెటాన్‌కి చెప్పకండి. ఇంకా ఒక్కసారి కూడా తిరిగి చూసుకోలేదు.