వాగ్దాన కార్డు తీసుకున్నాక

కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చర్చిల్లో పెరిగినవాళ్ళకు డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అనగానే గుర్తొచ్చేది వాగ్దాన కార్డులే. పన్నెండు దాటాక పళ్ళెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుంటాం. దానిమీదున్న వాక్యం ఆ ఏడాదికి మనదని నమ్ముతాం. బైబిల్లో పెట్టుకుంటాం, లేదంటే ఫ్రిజ్‌కి అంటిస్తాం. అమెరికా వచ్చినా ఈ అలవాటు పోలేదు, పోకూడదు కూడా. దేవుడు తోడున్నాడన్న ధైర్యంతోనే మనలో చాలామందిమి ఇంత దూరం వచ్చాం.

నా బాధంతా ఆ తర్వాత జరిగేదాని గురించే. కార్డు తీసుకున్నాక మన లక్ష్యాలేంటని అడిగితే గ్రీన్ కార్డు రావాలి, ఇల్లు కొనాలి, పిల్లాడికి మంచి యూనివర్సిటీలో సీటు రావాలి అంటాం. అవి ప్రార్థన విన్నపాలు. తప్పకుండా అడగాల్సినవే. కానీ లక్ష్యమంటే రేపు పొద్దున లేచి నేను చేయాల్సిన పని. ఏటా ఉద్యోగ, కుటుంబ కోటాల్లో ఇచ్చే గ్రీన్ కార్డుల్లో సాధారణంగా ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదని ఇక్కడి చట్టం. ఆ క్యూ కదలడం నా చేతిలో లేదు. దాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే ఏడాదంతా టెన్షన్ పడటం తప్ప నేను చేయగలిగేదేమీ ఉండదు.

బైబిల్లో నెహెమ్యా కట్టించిన యెరూషలేము గోడ 52 రోజుల్లో లేచిందని ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. దానికి ముందు నెహెమ్యా నెలల తరబడి ఉపవాస ప్రార్థనలో గడిపాడనీ విన్నాం. ఆ నెలల్లో ఆయన లెక్కలు కూడా వేసుకున్నాడని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. నీకేం కావాలని, తాను కొలువు చేసే పారసీక రాజు అడిగినప్పుడు ఆయన తడుముకోలేదు. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పాడు. దారిలో అధికారులకు ఉత్తరాలు అడిగాడు. రాజుగారి అడవి చూసుకునే ఆసాపు దగ్గర కలప ఇప్పించమన్నాడు. ఊరు చేరాక ఎవరికీ చెప్పకుండా రాత్రిపూట తిరిగి గోడ ఎక్కడెక్కడ కూలిందో చూసుకున్నాడు. పని పంచుకున్నప్పుడు చాలామంది ఎవరింటి ఎదుట వాళ్ళే కట్టుకున్నారు. మోకరించినవాడే కొలతలూ తీశాడు, అందులో విశ్వాసం తక్కువైందేమీ లేదు.

జమ్మలమడుగు దగ్గర పల్లెలో మా అవ్వకు నెహెమ్యా లెక్కలన్నీ తెలుసో లేదో గానీ, పిడికెడు బియ్యం తెలుసు. పొయ్యిమీద ఎసరు పెట్టి, చేటలో బియ్యం పోసుకుని, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేసేది. ఆ తర్వాతే బియ్యం కడిగేది. బియ్యం లేని రోజు జొన్నపిండి. కూలి దొరకని రోజు పిడికిలి చిన్నదయ్యేదే గానీ కుండ దగ్గరికి వెళ్ళడం మానలేదు. ఆదివారం ఊళ్ళో అందరి కుండలూ గుడికి, అంటే మా చర్చికి చేరేవి. ఆ ఊరి ఆడవాళ్ళ బియ్యం డబ్బులతోనే గుడికి నాపరాళ్ళు పరిచారు. మిగిలితే ఇద్దామనుకునుంటే ఆ ఇళ్ళలో మిగిలేది ఏముంది? ముందు తీశారు కాబట్టే అయింది. మన జీతాల్లోంచి, మన సాయంత్రాల్లోంచి మనం అలా ముందు తీసిపెట్టేది ఎంత? నాకైతే దేవుని ముందు పెట్టుకునే లక్ష్యానికి ఇదే పరీక్ష.

స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ ఫెర్రర్ గురించి అనంతపురం వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. 1969లో ఆయన ఆ కరువు నేలకు వచ్చినప్పుడు, దిగిన ఇంట్లో గోడమీద 'అద్భుతం కోసం ఎదురుచూడు' అనే అర్థం వచ్చే మాట కనబడిందని చెబుతారు. ఆయన చూస్తూ కూర్చోలేదు. బావులు తవ్వించడం, ఇళ్ళు కట్టించడం, బళ్ళు, బత్తలపల్లిలో ఆసుపత్రి... 2009లో కన్నుమూసేదాకా అదే పని. ఆయన పెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) చేరని పల్లెలు ఆ జిల్లాలో తక్కువే.

ఇంత చేసినా కొన్ని కావు. పౌలు బితూనియ వెళ్ళాలని బయల్దేరాడు, ఆత్మ వెళ్ళనివ్వలేదు. త్రోయకు దిగాడు, అక్కణ్ణుంచి మాసిదోనియ దారి తెరుచుకుంది. బితూనియ ఆగిపోయినందుకు పౌలుకు విశ్వాసం లేదని ఎవరూ అనరు. మన పిల్లల్ని మాత్రం అంటాం. మా చిన్నాన్న కూతురు కర్నూలు హాస్టల్లో ఉండి, టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదివింది. పొద్దున నాలుగింటికి లేచి వాక్యం చదువుకుని పుస్తకం పట్టేది. ఉద్యోగం రాలేదు. "ప్రార్థన ఎక్కడో తక్కువైంది తల్లీ" అని ఒక పెద్దాయన అన్నాక ఆ పిల్ల కొన్నాళ్ళు గుడి మెట్లెక్కలేదు. అదే ఉద్యోగం వచ్చుంటే ఆ ఆదివారమే మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పించేవాళ్ళు.

అక్కడైనా ఇక్కడైనా మన చర్చిల్లో సాక్ష్యాలన్నీ వచ్చినవాటి గురించే. ఈ జనవరి నుంచి నెలకో ఆదివారం, చేయాల్సిందంతా చేసి ఫలితం రానివాళ్ళకు కూడా మైకు ఇవ్వమని పెద్దల్ని కోరుతున్నాను. లేఆఫ్ అయిన తమ్ముడు ఏం చదివాడో, ఎక్కడెక్కడ అప్లై చేశాడో చెబితే, విన్నవాళ్ళలో ఒకరు తమ కంపెనీలో అతని పేరు చెప్పగలరు. డీఎస్సీ పోయిన అమ్మాయి ఏ సబ్జెక్టులో మార్కులు పోయాయో చెబితే, ఆ సబ్జెక్టు చెప్పే టీచరు ఆ వెనక వరుసలోనే కూర్చుని ఉండొచ్చు.