పాత తలుపుల రంగును కాల్చి తీయమనే సలహా సరైనది కాదు

పాత ఇళ్ల తలుపులకు, ద్వారబంధాలకు మళ్లీ రంగు వేయించుకునేవారికి ఒక సలహా చేతులు మారుతూ చేరుతోంది. పాత రంగునంతా మంట చిమ్మే బ్లో ల్యాంపుతో కాల్చి గీకేయాలని, మొండిగా మిగిలినచోట కాస్టిక్ సోడా పూయాలని, టేకుకు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) అక్కర్లేదు గనుక పలుచన చేసిన ఎనామిల్‌నే (నూనెతో చేసిన మెరుపు రంగునే) తొలి పూతగా వేసుకోవచ్చని దాని సారాంశం.

వీటిలో మొదటిది అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) మించరాదన్న నిబంధన మన దేశంలో 2016లో వెలువడి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పూతల్లో, ముఖ్యంగా సీసపు క్రోమేటుతో చేసిన పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ఎక్కువగానే ఉండవచ్చు. మంట తగిలితే అది ఆవిరై, సన్నని పొగగా ఊపిరిలోకి పోతుంది. పొడిగా సాండ్‌పేపర్ పట్టినా దుమ్మై నేలమీద చేరి, పాకే పిల్లల చేతుల నుంచి నోటికి చేరుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది కనుక ఈ విషయంలో రాజీ పడకూడదు. పిల్లలను, గర్భిణులను ఆ పని జరిగే చోటికి రానివ్వకుండా, కింద ప్లాస్టిక్ షీటు పరిచి, రంగును నీటితో తడుపుతూ గీకాలి.

అసలు రంగునంతా తీయవలసిన అవసరమే చాలాసార్లు ఉండదు. బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి, టేపు అంటించి లాగినప్పుడు పెచ్చులు రాకపోతే, తడి ఎమరీ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్దితే చాలు.

కాస్టిక్ సోడా టేకును నల్లబరుస్తుంది. పూర్తిగా కడగకపోతే చెక్కలో మిగిలిన క్షారం కొత్త ఎనామిల్‌లోని నూనెను సబ్బుగా మార్చి పూతను ఊడగొడుతుంది.

టేకుకు ప్రైమర్ అక్కర్లేదనడమూ తప్పే. పలుచన చేసిన ఎనామిల్‌లో చెక్కను పట్టి ఉంచే పదార్థం తగ్గిపోతుంది, ఉన్నదానినీ చెక్క పీల్చేసుకుంటుంది. వుడ్ ప్రైమర్ చెక్క రంధ్రాలను మూసి, పై పూత పట్టు దొరికించుకునేలా గరుకైన తలాన్ని ఇస్తుంది. టేకులో సహజమైన నూనె ఉంటుంది కనుకనే దానికి ప్రైమర్ మరింత అవసరం. వేసేముందు టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడవాలి. పసుపు, నూనె, నీళ్లు నిత్యం తగిలే గడపను ముందుగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. లప్పం ప్రైమర్ తర్వాతే పెట్టాలి. తలుపు పై అంచుకు, కింది అంచుకు కూడా ప్రైమర్ తప్పనిసరిగా వేయాలి, ఎందుకంటే వానాకాలపు చెమ్మ చెక్కలోకి ఎక్కువగా చేరేది, రంగు పెచ్చులు లేవడం మొదలయ్యేది అక్కడినుంచే.